కొసరు

"మే నెల్లో ఎవురన్నా పడవ కొంటారా అత్తా" అంటే
దేశమ్మత్త వక్క పటుక్కున కొరికింది.
"పులికాటు నిండినాక పోతే
వాడు మన మొహం చూసి ధర చెబుతాడు.
ఇప్పుడు నీళ్లుండే చోట గొడ్లు మేస్తా ఉండాయి.
వాడి మొహం మనం చూడొచ్చు. పద."

సూళ్లూరుపేటలో ఎక్కి
రేణిగుంట రోడ్డులో దిగినాం.
అద్దాల షెడ్డు. చుట్టూ కంకర, ఎండ.
నీళ్లంటే మూలనున్న తాగే క్యాను ఒక్కటే.
చెక్క దిమ్మెల మీద ఆరు పడవలు
ఆసుపత్రి వార్డులో పడుకోబెట్టినట్టు
తెల్లగా, ఏ జబ్బూ చెప్పకుండా.

టై కట్టిన అబ్బోడు వచ్చినాడు.
"ఇరవై నాలుగు అడుగులు మేడం, ఫైబరు,
మూడు లక్షల నలభై వేలు.
ఇంజను విడిగా, పన్ను విడిగా, లారీ బాడుగ విడిగా."
"తలకాయ విడిగా, కాళ్లు విడిగా అమ్మను
ఇదేమన్నా మేకపోతా నాయనా?"

నా జేబులో కాయితం ఉంది.
నెల్లూరు ధర, చెన్నై ధర, రాత్రంతా ఫోన్లో వెతికి
రాసుకున్నవి. తీయబోయినాను.
అత్త నా మోచెయ్యి గిల్లింది.
సంతలో ముందు నోరు తెరిచే చేపకే గాలం.

చెప్పులు గడప దగ్గర విడిచి
పడవ చుట్టూ నడిచింది, వేలి మెటికలతో కొట్టుకుంటా.
టక్. టక్. టక్. టక్.
ఒకచోట డబ్.
నిలబడింది. మళ్లీ కొట్టలేదు.
పిల్లోడి నుదురు మీద జ్వరం చూసినట్టు
అరచెయ్యి ఆనించి
ఊరకుండింది.
గోడ గడియారం వినబడతా ఉంది.
"అది పైపూత మేడం, లోపలేం కాదు,
కావాలంటే ఇరవై తగ్గిస్తాం" అన్నాడు అబ్బోడు.
"నేనేమన్నా అన్నానా?"

అప్పుడొచ్చినాడు ఓనరు నాదముని శెట్టి
నిలువు నామం, చేతిలో క్యాలుకులేటరు.
"అమ్మా, ఏడుకొండలసామి సాక్షిగా
దీంట్లో నాకు మిగిలేది సున్నా."
"ఆయన్నెందుకు లాగుతావు సామీ,
పెళ్లికి చేసిన అప్పుకు
ఆయనే ఇంకా వడ్డీ కడతా ఉండాడు."
శెట్టి నవ్వు ఆపుకోలేకపోయినాడు.
నవ్వినాక పాతధర మళ్లీ చెప్పడం కష్టం.
మూడు లక్షల పది అన్నాడు.
అత్త రెండు ఎనభై అంది.
ఆయన చేతులు జోడించినాడు. మేం లేచినాం.

గడప దగ్గర చెప్పులేసుకోను
అత్తకు అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూళ్లేదు.
ఎడమ కాలిది అయింది.
కుడిది బొటనవేలికి దొరకడం లేదు.
తిరగేసింది. దులిపింది. మేకు ఏమన్నా ఉందేమోనని చూసింది.
"అమ్మోయ్!"
దొరికింది చెప్పు.

రెండు తొంభై అయిదు. లారీ బాడుగ వాళ్లదే.
పూత మళ్లీ వేసి, నా ఎదురుగా ఎండబెట్టి పంపాల.

చీరకొంగు కింది సంచిలోంచి
కవరు, కవర్లో ఇంకో కవరు, దాంట్లో డబ్బు.
నెత్తళ్లు, కానాగంతలు, రొయ్యపొట్టు
పదకొండేళ్లు ఎండబెట్టి అమ్మిన నోట్లు.
లెక్కపెట్టే మిషను రెండుసార్లు ఆగింది.
షెడ్డంతా మా కుప్పం వాసన.
ఏసీ ఏం చెయ్యలేకపోయింది.
టై అబ్బోడు కిటికీ దగ్గరికి జరిగినాడు.

రసీదు మడిచి రవికలో పెట్టుకుని
"మరి కొసరు?" అంది.
"అయ్యో తల్లీ" అని శెట్టి
గోడకు వేలాడే నారింజరంగు జాకెట్లు రెండు తీయించినాడు,
మునిగినా తేల్చేవి. "మీ మొగోళ్లకు."
అత్త ఒకటి పట్టుకుని చూసింది.
"చిన్న సైజు లేదా?"
"పిల్లకాయలకా?"
"నాకే."

నేను అత్తకల్లా చూసినాను.
మా కుప్పంలో ఆడోళ్లు ఒడ్డున చేపలు తూకం వేస్తారు.
పడవెక్కరు.
ఈ మాట మామకు తెలుసా అని
అడగబోయి నోరు మూసుకున్నాను.
ఆ రోజు నేను నేర్చుకున్నది అదే గదా.

బస్సులో చీర మీదే వేసుకుని కూర్చుంది.
బకిల్ పెట్టడం రాక, నా చేత పెట్టించుకుని.
కాళహస్తి దాటినా విప్పలేదు.
జనం తిరిగి తిరిగి చూస్తా ఉండారు.
కండక్టరు నా టిక్కెట్టు చించి
"చిల్లర లేదమ్మా, అయిదు రూపాయలు తర్వాత" అన్నాడు.

అత్త చెయ్యి చాపి
అట్టే పెట్టుకుంది.