ఒకప్పుడు ఇక్కడ

రాత్రి రెండు దాటింది.
టోర్స్‌హావ్న్ రేవులో పొగమంచు
దీపస్తంభాలను నడుందాకా తినేసింది.
నేలమాళిగలో ఎనిమిది డిస్కులు
ఒకే శ్రుతిలో గురక పెడుతున్నాయి.
కాదు, ఏడు.

ఎనిమిదోది మంగళవారం పోయింది.
దాని చోట కొత్తది పెట్టాను. పెట్టడమంటే ఏముంది,
నాలుగు మరలు బిగించి
టక్కుమనేదాకా తోయడమే కదా.
పూల్ ఒప్పుకుంది. నింపుకుంటూ నింపుకుంటూ
నలభై ఒక్క శాతం దగ్గర ఆగిపోయింది,
మెతుకు గొంతుకడ్డం పడ్డట్టు.

తెర మీద ఒకే గడిలో రెండు పేర్లు.
పోయినది పోలేదు, వచ్చినది రాలేదు.
వాటి నెత్తిన ఒక మాట: మారుస్తున్నాం.
మూడు రోజులుగా మారుస్తూనే ఉంది.

లోపలున్నది అరవై ఏళ్ళ సముద్రం.
పది నిమిషాలకొకసారి కొలిచిన ఆటూ పోటూ,
నీళ్ళలో వేలాడదీసిన మైకు విన్న
తిమింగలాల గొణుగుడు,
ఒక జనవరిలో మునిగిన పడవది
ఇంజను చప్పుడు, చివరి పదకొండు సెకన్లు.
ఆ పదకొండు సెకన్ల కోసం బిర్ఠా అనే పెద్దావిడ ఏటా వస్తుంది.
వింటుంది. కాఫీ వద్దంటుంది. వెళ్ళిపోతుంది.
ఇంకో ప్రతి లేదా అంటారు.
ఉంది. రెండేళ్ళ కిందటిది.

కొత్తదీ పుచ్చుసరుకే అనుకున్నాను.
దాన్నీ మార్చాలనుకున్నాను.
అర నంబరు రాసిన చీటీ పాత ట్రేతోపాటే పోయింది,
పైనుంచి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి లాగాను.
చేతికి వెచ్చగా తగిలింది,
గూట్లోంచి తీసిన పక్షిలా.
బతికున్నదాన్ని లాగేశాను.
అలారం. తోసేశాను మళ్ళీ. కూర్చుండిపోయాను నేలమీద.

హాల్‌గ్రిముర్‌కి ఫోన్ చేశాను.
ఈ కుర్చీలో నాకు ముందు ముప్పై ఏళ్ళున్నాడు,
ఇప్పుడు క్లాక్స్‌విక్‌లో వలలు బాగుచేస్తాడు.
రెండో రింగుకే ఎత్తాడు.
"సున్నా నుంచి లెక్కపెట్టు సున్నువా,
చుక్కాని పట్టినవాడిది సున్నా,
తెడ్లు ఆ తర్వాత."
కాసేపు ఊరుకుని, "డిస్కును తిట్టావు సరే,
తీగను చూశావా?"

చూశాను.
చదవడంలో తప్పులు సున్నా,
రాయడంలో సున్నా,
దారిలో మాత్రం పందొమ్మిది వందల చిల్లర.
టార్చి నోట కరచుకుని ర్యాక్ వెనక్కి దూరాను.
నాలుగు తీగలను కలిపి వలదారంతో
ఎవరో బిగించి కట్టారు.
ఏళ్ళ తరబడి ఆ దారం
ఒక తీగ మెడను నొక్కుతూ వచ్చింది.

"ముడి ఉంది" అన్నాను.
"నాదే" అన్నాడు. ఊపిరి వినబడింది.
"పీకకు. కోసెయ్. అది ఊడే ముడి కాదు."
చేపలు కోసే కత్తితో కోశాను.
తీగ మార్చాను.
"ముడి చెక్కుచెదరలేదు కదా?" అని అడిగాడు.
లేదన్నాను.
తృప్తిగా పెట్టేశాడు ఫోను.

నలభై రెండు.
నలభై మూడుకి చాలాసేపు పట్టింది.
తెల్లవారి కిటికీలో గొర్రెలు, తడి గడ్డి కప్పులు,
రొట్టెల బండి వెళ్తున్న చప్పుడు.
కోసిన ముడి జేబులో ఉంది, ఎందుకో పారేయలేదు.

మర్నాటి సాయంత్రానికి నూరు.
పదకొండు సెకన్ల ఫైలు తెరిచాను,
పూర్తిగా వినకుండానే మూసేశాను,
అది నాది కాదు.

కొత్త పేరు పచ్చగా నిలబడింది.
పాత పేరు ఇంకా దాని పక్కనే ఉంది,
పొడవాటి అంకెల వరసగా,
ఎదురుగా యంత్రం రాసుకున్న చిన్న మాటతో:
ఒకప్పుడు ఇక్కడ ఉండేది.
తీసెయ్యమని ఆజ్ఞ టైపు చేశాను.
ఎంటర్ కొట్టలేదు ఇంకా.
కాఫీ పెట్టుకుని వస్తాను.