మూడు తువ్వాళ్లు

జహ్రాలో మామా హుస్సా గదిలో
బీరువా పక్కన ముగ్గురు పిల్లకాయలు కూచోనుంటారు.
నాకు కనపడరు.
ఒళ్లంతా తడి అంట,
ఉప్పునీళ్లు కారతా ఉంటాయంట,
తుడవవేందే సీతీ అని అరుస్తాది నన్ను.
సీతి నాకంటే ముందు పనిచేసిన ఇండోనేసియా పిల్ల.
నా పేరు నరసమ్మ అని ఆర్నెల్లు చెప్పినా.
ఇప్పుడు సీతీ అంటే పలుకుతా.

ఆయమ్మకు కుడిచెయ్యి వణుకుతాది,
కనపడని చాటతో జొన్నలు చెరుగుతా ఉన్నట్టు.
వణుకు జబ్బని వచ్చేటప్పుడే చెప్పినారు.
పిల్లకాయల సంగతి ఎవురూ చెప్పలా.

మొదట్లో, లేరు మామా, అన్నా.
దుప్పటి ఎత్తి చూపించినా, బీరువా జరిపి చూపించినా.
కళ్లుండీ చూడని దానికి జీతమెందుకని
కూతురితో చెప్పింది.
ఆ కూతురే, మునీరా,
పోయిన రంజాన్ నెలలో హరీస్ గిన్నె పట్టుకోని గదిలోకొస్తే
ఇది నా బిడ్డ కాదు,
నా బిడ్డ మొగం తొడుక్కోనొచ్చింది, అని
గిన్నె ఇసిరి కొట్టింది.
గోడ మీద గోధుమ మెతుకులు, తివాచీ మీద నెయ్యి.
మునీరా మెట్ల మీద కూచోని ఏడ్చింది.
నేను గోడ తుడస్తా ఉన్నా.
నా మీద మాత్రం ఆయమ్మకు అనుమానం లేదు.
నా మొగం దొంగిలించి ఎవురేం చేసుకుంటారు?

మిస్రీ డాక్టరు కాగితం మీద మెదడు గీసినాడు,
ఒలిచిన అక్రోటు కాయ మాదిరి.
ఇక్కడ ఊట ఇంకిపోయింది, వణుకు అందుకే.
ఇక్కడ చూపు దారి తప్పింది.
అబద్దం చెప్పడంలా ఆమె,
జిన్ను పట్టలేదు.

ఆ మాట అరబ్బీలో విన్నా.
తగిలింది చిట్వేలిలో,
మా పిన్నమ్మ కూతురు ఎంగటలచ్చిమికి.
మూర్ఛ వచ్చి లేచినాక రెండు దినాలు
గోడతో మాట్లాడేది,
చచ్చిపోయిన తాతను కూచోమని చాప ఏసేది.
ఏపమండలతో కొట్టినారు.
కాళ్లు పట్టుకున్నది నేనే.
పదైదేండ్లు నాకు. గట్టిగా పట్టుకున్నా,
మంచి చేస్తా ఉండాననుకోని.
ఆ కాళ్ల ఎముకలు ఇంకా ఉండాయి నా అరచేతుల్లో.

ఆ రాత్రి నుంచి తువ్వాళ్లు పరస్తా ఉన్నా.
బీరువా పక్కన మూడు, చిన్నవి.
పొద్దున్నే మడిచి పెడతా. పొడిగానే ఉంటాయి.

ఎవురు మామా వాళ్లు అంటే
నాయన ముత్యాల పడవ ఎక్కేవాడు,
ఆ పడవ పిల్లలు, అంది ఒకసారి.
ఇంకోసారి పొరుగింటి వాళ్లంది.
ఇంకోసారి, నన్నడుగుతావేందే,
దినామూ తుడిచేది నువ్వు కదా, అంది.

కొత్త మాత్ర వచ్చింది. రాత్రిపూట సగం.
వారానికి పిల్లకాయలు పోయినారు.
కాళ్లు కూడా పోయినాయి.
బాత్రూము గడప కాడ కొయ్యబారి నిలబడేది,
అడుగు ఎట్లేస్తారో ఎవురైనా చెప్తే బాగుండునన్నట్టు.
మునీరాను చూసి నా బిడ్డే అంది,
ఆ మాటకు మునీరా నవ్వింది,
ఆయమ్మ నవ్వలా.
ఆఖరి బస్సు పోయినాక స్టాండులో మిగిలిన మనిషి మాదిరి
బీరువా పక్కే చూస్తా కూచునేది.
నేను తువ్వాళ్లు పరవడం మానలా. ఎందుకో అడగొద్దు.

మాత్ర తగ్గించినారు. పావు.

నిన్న తోజు. ఆకాశం ఇటికె పొడి.
ఏసీ గొంతు బొంగురుపోయింది.
రాత్రి రెండు గంటలకు నా కొంగు పట్టి లాగింది మామా,
వణికే చేత్తోనే.
వచ్చినారే, అంది.
నాకు సంతోషమేసింది. డాక్టరుకు చెప్పేది కాదు ఇది.
తువ్వాళ్లు తెస్తే ఒకటి వెనక్కిచ్చింది.
ఇద్దరే.
మూడోది ఏడుండాదే సీతీ, ఇంత దుమ్ములో?

తిన్నారు మామా, పండుకున్నారు మామా,
ఒళ్లు తుడిచినా మామా,
ఎన్ని చెప్పినానో ఇన్నాళ్లూ.
తెలీదు మామా, అన్నా.

ఆ తువ్వాలు ఒళ్లో పెట్టుకోని
ఇద్దరం కిటికీ వైపు చూస్తా కూచున్నాము.