పీచు గొడౌను, అంబాజీపేట

మొదటి ఏడు తొమ్మిదిమందిమి.
నోటుబుక్కులో ఉన్నాయి పేర్లు.
గుత్తుల ధర్మారావు మేనమామ గొడౌను తాళం
అడక్కుండానే పట్టుకొచ్చాడు.
తొక్కుడు రిక్షాలో పరుపుల మధ్య మూడు మానిటర్లు,
పురిటికి తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా.
పీచు దుమ్ముకి తుమ్ములు.
ఫ్లాపీ పెట్టే ముందు ప్రతివాడూ
చెయ్యి లుంగీకి తుడుచుకునేవాడు.

ఆ రాత్రి తెరమీద ఒక ఘనం తిరిగింది.
ఏసుపాదం రాసింది.
ముందే గీసి దాచుకున్న బొమ్మ కాదది,
ప్రతి గీతా అప్పటికప్పుడు
లెక్కలోంచి పుట్టి లెక్కలోకే పోతోంది.
దింపులు దించే వీరాస్వామి గుమ్మంలో ఆగి
"ఇదేం పని చేస్తాదండీ?" అన్నాడు.
"ఏమీ చెయ్యదు" అన్నాడు ఏసుపాదం.
బీడీ అయిపోయేదాకా చూశాడు వీరాస్వామి.
"ఏమీ చెయ్యకుండానే ఎంత బాగా తిరుగుతోందండీ" అన్నాడు.
అంతకు మించిన మెప్పు మాకు మళ్లీ రాలేదు.

నియమం ఒక్కటే: నాలుగువేల తొంభై ఆరు బైట్లు.
రంగూ చప్పుడూ అన్నీ అందులోనే ఇమడాలి.
ఓటు అంటే కొబ్బరిచిప్పలో ఒక పీచుముడి.
మొదటి బహుమతి చక్కెరకేళి గెల,
గెలిచినవాడు ఇంటికి మోసుకెళ్లిన దాఖలా లేదు,
తెల్లారేసరికి కాడ మిగిలేది.

నాలుగో ఏడు పేజీ ఖాళీ.
ఆ తుపానుకి చెట్లు తలలు పోయి నిలబడ్డాయి.
గొడౌను రేకులు మూడు వైనతేయ ఒడ్డున దొరికాయి.
తడిసిన ఫ్లాపీలు విడదీసి
వడియాల్లా ఎండబెట్టాం మేడమీద.
నలభైలో పదకొండు చదివాయి.
ఏసుపాదం ఫ్లాపీ చదివింది.
వాళ్లది సముద్రం పక్క ఊరు.
ఏసుపాదం రాలేదు.

అప్పట్నుంచి ప్రతి ఏడూ
అతని ఘనం తిరిగాకే మిగతావి.

తర్వాత కాకినాడ కాలేజీ కుర్రాళ్లు బస్సేసుకొచ్చారు.
అరవై, ఎనభై, ఒక ఏడు నూట పన్నెండు.
సౌండు బాక్సులకి గొడౌను గోడ బీటిచ్చింది, మేనమామ తిట్లు.
గ్రాఫిక్స్ కార్డు చేసిన పనిని మనదంటామా అని
ఖాదర్ వలీ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు రెండు గంటలు,
ఆకలేసి లేచాడు.
కరెంటు పోతే జనరేటరు, డీజిలు అయిపోతే లాంతరు,
లాంతరు వెలుగులో కోడ్ చదివి వినిపించుకున్నాం,
ఎవడికి వాడు కళ్లు మూసుకుని
ఆ రంగులు చూశాం.

ఆ మీద అందరి జేబుల్లోకీ తెరలొచ్చాయి.
పెద్ద తెర ముందు నలుగురమే మిగిలిన ఏడు కూడా ఉంది,
అందులో ఒకడు జనరేటరు అద్దెకిచ్చినవాడు.
అతన్నీ హాజరులో రాశాను.

మొన్న కార్తీకంలో కెజియా వచ్చింది,
అల్లవరం పిల్ల, పాలిటెక్నిక్.
తనది రెండువందల యాభై ఆరు బైట్లే:
ఒక నల్లటి గీత వచ్చి చీలింది, మళ్లీ చీలింది,
వేగం తగ్గినచోటల్లా చుక్కలు పేరుకుని
మట్టైంది, లంకైంది, ఒడ్డైంది.
మాకెవరికీ మాట రాలేదు.
ధర్మారావు మాత్రం "మా పొలం ఎక్కడ?" అన్నాడు.

గెల ఆమెకే. అది కాదు నేను రాయాలనుకుంది.
అందరూ పడుకున్నాక పాత మిషను ముందు కూర్చుని
"మాస్టారూ, ఈ ఘనంలో మూడు బైట్లు వృథా" అంది.
ఇన్నేళ్లలో మేమెవరం లోపల చూడలేదు,
చూడాలనిపించలేదు.
"ఏమీ చెయ్యమని చెప్పే మూడు ఆజ్ఞలు,
వరసగా, ఊరికే."
తీసేసి చూపించింది.
తిరిగింది. కానీ కాస్త తొందరగా,
ఎవరో తరుముతున్నట్టు.

మళ్లీ పెట్టేసింది, నేను చెప్పకుండానే.

బయట కాలవలో లాకులెత్తిన నీటి చప్పుడు.
నోటుబుక్కు తీసి రాశాను:
హాజరు పద్నాలుగు.
గెల రెండు గంటలకే అయిపోయింది.