అయిదొందల సందు

సఖినేటిపల్లి రేవుకెళ్ళే దారిలో
ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన
మోటార్లకి తీగ చుట్టే కొట్టు నాది.
పగలంతా రొయ్యల చెరువుల ఏరియేటర్లు
కాలిన పొట్టల్తో నా బల్లెక్కుతాయి.
బాగుపడి వెళ్ళినవన్నీ రాత్రి చెరువుల్లో తిరుగుతూ
నా రేడియోలోకొచ్చి జుంయ్‌మంటాయి.
నేను చుట్టిన తీగే నా చెవిలో ముల్లు.

భోజనమయ్యాక ఒక్క గంట.
రెండు కొబ్బరిచెట్ల మధ్య రాగితీగ,
అరిగిన ఇత్తడి మీట,
ఎవరో ఎక్కడో అంటున్న డా డి డా డిట్.
పోటీ లేదు, లెక్కా లేదు.
మీకు వానా? ఇక్కడ ఉక్క.
అంతే మాటలు.

"ఇరుకు ఫిల్టరు పెట్టుకోండి" అన్నాడు చక్రధరం.
ఆ ఒడ్డు మనిషి, నరసాపురం.
పోటీ రాత్రుల్లో గంటకి అరవైమందిని పలకరించి
ఒక్కరి పేరూ గుర్తుంచుకోడు.
"రెండొందల యాభై హెర్ట్జ్.
మీ గోలంతా గుమ్మం బయటే నిలబడిపోద్ది."
అరువిచ్చాడు కూడా, అగ్గిపెట్టంత డబ్బా.

నిజమే, నిలబడిపోయింది.
మోటార్లు పోయాయి.
సముద్రం మీది ఉరుముల చిటపట పోయింది.
మిగిలింది ఒక్క స్వరం.
ఎదుటివాడు జోరందుకుంటే చుక్కల మధ్య ఖాళీలు పూడిపోయి
బిందెలో మూతిపెట్టి మాట్లాడినట్టుండేది,
అయినా సంబరమే.
మూడు వారాలు
కడిగిన పళ్ళెంలాంటి ఆకాశంలో
ఒక్కణ్ణీ కూర్చున్నాను.

ఓ రాత్రి డబ్బా తీగకి టంకం ఊడింది.
బద్ధకించి,
మాటలు వినడానికున్న పాత వెడల్పుకే తిప్పాను.
గోలంతా చెప్పుల్తోనే ఇంట్లోకొచ్చింది.
దాని అడుగున, నా స్వరం పంచమమైతే
షడ్జం దగ్గర నిలబడి
ఎవరో నా కాల్‌సైన్ తడుముతున్నారు.
తప్పుగా. మళ్ళీ. మళ్ళీ తప్పుగా.

యానాం. పేరు నూకరత్నం.
కొత్త లైసెన్సు. సొంతంగా చేసుకున్న సెట్టు,
వేడెక్కితే కిందికి జారిపోతుందట.
ఒక్కో అక్షరం బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాను:
పంతొమ్మిది రాత్రులు పిలిచానండి
కొత్తవాళ్ళకి పలకరేమో అనుకున్నా

రెండొందల హెర్ట్జ్ అవతల.
నేను శుభ్రం చేసుకున్న చోటికి
కాస్త బయట.

మర్నాడు పంటు మీద ఏసుపాదాన్ని అడిగాను,
వల కన్ను ఎంతుండాలని.
"ఏం పడాలండీ మీకు? దాన్నిబట్టి కన్ను."
ఏది పడితే అదే అన్నాను.
"అయితే వలెందుకండీ, ఆయ్,
రేవులో కూర్చోండి" అని నవ్వాడు.
చక్రధరం డబ్బా చక్రధరానికిచ్చేసి
అదే పంటు మీద తిరిగొచ్చాను.

అయిదొందలది తెప్పించుకున్నాను.
ఇరుకూ కాదు, బారుగా తెరిచిన తలుపూ కాదు.
మోటార్లు సగం వినిపిస్తాయి.
మిగతా సగం పని చెవి చూసుకుంటుంది.
చేపల వేలంలో పదిమంది అరుస్తున్నా
మా అక్క గొంతు నాకు దొరకదూ?
దానికి ఏ డబ్బా కొన్నాను?

ఈ రాత్రి నూకరత్నం మెల్లిగా జారుతోంది.
సందు అంచుదాకా వచ్చింది.
నేనూ వెంట్రుకవాసి తిప్పాను, ఆమె వెనకే.
అమ్మకి జొరం తగ్గింది అంటోంది,
తగ్గింది అన్న మాటకి మూడుసార్లు తడబడి.

ఆ మాటల కింద,
దంతులూరి వారి చెరువులో మూడో ఏరియేటరు
ఉండుండి చిటుక్కుమంటోంది.
వైండింగు పోతోంది.
తెల్లారేసరికి నా బల్ల మీదుంటుంది.