లెక్కకు మించి

కెరక్‌లో నీళ్ళు మంగళవారం వస్తాయి.
రాకపోతే, ఆపై మంగళవారం.
డాబా మీది ట్యాంకులు చెవులు రిక్కించి కూర్చుంటాయి.
కొళాయి గొంతులో గాలి ఒక్కసారి దగ్గితే చాలు,
వీధంతా చెప్పుల్లేకుండా మెట్లెక్కుతుంది.

నా ఉద్యోగం సీసాలు నింపడం.
మొహాలు కడిగిన నీళ్ళు, ఒళ్ళు రుద్దుకున్న నీళ్ళు,
చొక్కా కాలర్ల మురికి మోసుకొచ్చిన బూడిదరంగు నీళ్ళు,
పేరూ తేదీ వేళా అంటించి
ఐసు డబ్బాలో పడుకోబెట్టి
కొండ దిగేలోపు చెడకుండా ప్రయోగశాలకు చేర్చడం.
చెడ్డ నీళ్ళు ఇంకా చెడకుండా!
మొదట్లో నాకూ నవ్వొచ్చేది.

నలభై ఒకటో సీసా ఉమ్ షిబ్లీది.
ఆమె పెరట్లో నీలం పీపా,
పీపాలో నల్లటి అగ్నిపర్వతపు రాళ్ళు,
రాళ్ళ సందుల్లోంచి ఒళ్ళు విరుచుకుంటూ దిగే నీళ్ళు,
అక్కణ్ణించి ఒక గొట్టం, ఆలివ్ చెట్ల దాకా.
"ఈ పీపా మీ ఆఫీసు మొన్న ఇచ్చింది.
నేను ముప్ఫై ఏళ్ళుగా బకెట్టుతో పోస్తున్నాను.
చెట్టెప్పుడైనా ఫిర్యాదు రాసిందా, ఇఖ్లాస్?"

ఆమె ప్రమాణాలు ఆమెకున్నాయి.
ముక్కు ముడుచుకుంటే ఆ పూట పొయ్యదు.
వేళ్ళకు జిడ్డు తగిలితే వంటింటి గొట్టం మూసేస్తుంది.
నిమ్మాకు అంచు మాడిందా,
సబ్బుపొడి డబ్బా కోడలికి అందనంత ఎత్తుకు ఎక్కుతుంది.
మా పుస్తకంలోనూ అవే ఉన్నాయి,
వాసన, కొవ్వు, సోడియం అన్న పేర్లతో.
ఒక్కటి తప్ప.
ముక్కుకీ వేలికీ ఆకుకీ దొరకనిది.

రాత్రంతా వెచ్చగా ఉంచిన గాజు పళ్ళెంలో
పొద్దున్నే నీలం చుక్కలు.
లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.
తిరనాళ్ళ జనంలా ఒకదాని భుజం మీద ఒకటి.
చివరికి రిజిస్టరులో మేమందరం రాసే మాటే రాశాను:
లెక్కకు మించి.
ఆకాశంలో చుక్కలకీ, అమ్మ చేసిన మేలుకీ
వాడే మాట.

కారణం ఉయ్యాల్లో నిద్రపోతోంది.
షిబ్లీకి కొడుకు పుట్టి పదకొండు రోజులు.
పొత్తిగుడ్డలు ఆ తొట్లోనే జాడిస్తున్నారు.
ఇల్లంతా మిఠాయి పంచుకున్న సంతోషం
నా పళ్ళెంలో నీలంగా మొలిచింది.

అమ్మాన్‌లో కమిటీ కూర్చుంది.
అంకె ఒకటి కావాలి, నూరు మిల్లీలీటర్లకి.
"సున్నా" అన్నాడొకాయన,
సగం తాగిన మంచినీళ్ళ గ్లాసు పక్కకి నెట్టి.
"చెట్లకేగా, అంకెందుకు?" అన్నాడింకొకాయన.
నా వంతు మూలనుంచి వచ్చింది.
సున్నా అని రాస్తే, అయ్యా,
ఉమ్ షిబ్లీ చీకటిపడ్డాక పోస్తుంది.
ఏమీ రాయకపోతే
ఆమె మనవరాలు రీఫ్
బడికి పోతూ పోతూ ఆ గొట్టం పక్కన పుదీనా రెమ్మ తుంచి
కడక్కుండా నోట్లో వేసుకుంటుంది.
నేను చూశాను. రెండుసార్లు.
కిందటి నెల ఆ పిల్ల నాలుగు రోజులు బడికి పోలేదు.

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను తిరిగింది.
ఆలివ్‌కి ఒక అంకె, పచ్చిగా తినేదానికి అసలే వద్దు
అని రాయడానికి
ఇంకో మూడు సమావేశాలు పట్టింది.

కాగితం పట్టుకుని కొండెక్కాను.
చదివి వినిపిస్తే ఉమ్ షిబ్లీ ఆవలించింది.
పుదీనా మొదలు చూపించాను.
రీఫ్ నోరు చూపించాను.
చాలాసేపు ఊరుకుంది.
తర్వాత గునపం తెచ్చి పుదీనాని వేళ్ళతో పెళ్ళగించి
నెయ్యి డబ్బాలో నాటి డాబా ఎక్కించింది.
దానికి మంగళవారం నీళ్ళు, రోజుకొక టీ గ్లాసు.
గొట్టాన్ని రాళ్ళ కింద పూడ్చింది.
పొత్తిగుడ్డల తొట్టి వేరుపడి
మరుగుదొడ్డి దారి పట్టింది.

కొత్త సీసా నింపుకుని లేస్తుంటే అడిగింది:
"ఆ పాత సీసా ఏది? తెచ్చివ్వు, వెనిగర్ పోసుకుంటాను."
కుదరదన్నాను. ఒకసారి వాడితే పారెయ్యాలి, రూలు.
ఉన్న నాలుగు పళ్ళతో పెరడంతా వినబడేలా నవ్వింది.
"నీళ్ళని రెండుసార్లు వాడమని మాకు చెప్పేవాళ్ళు
సీసాని ఒక్కసారే వాడతారా!"