ఎనిమిది కాపీలు

కొత్తపేట ఆస్పత్రుల సందులో
స్కానింగ్ సెంటరుకీ పళ్ళరసం బండికీ మధ్య
పదడుగుల వెడల్పు నా కొట్టు.
స్కానింగువాళ్ళు లోపలి ఫోటోలు తీస్తారు,
నేను పైపైన.
వాళ్ళకి ఏసీ ఉంది.

బోర్డు మీద 'కలర్ ల్యాబ్' అన్న మాట
పన్నెండేళ్ళ కిందటే అబద్ధమైంది.
చెరపడానికి పెయింటరు ఎనిమిది వందలు అడిగాడు.
అబద్ధమే చవక.

డార్క్‌రూములో ఇప్పుడు
బండి వెంకటప్పయ్య బత్తాయిలు పెట్టుకుంటాడు,
నెలకి నాలుగొందలు.
ఎర్రబల్బు అలాగే ఉంది.
ఎప్పుడైనా స్విచ్చి వేస్తే
బత్తాయిలు రంగు పోగొట్టుకుని
ఇంకా హైపోలో ముంచని ముఖాల్లా చూస్తాయి.

ఆ హైపో నీళ్ళు కొనడానికి చీరాల నుంచి ఒకాయన వచ్చేవాడు,
డబ్బాల్లో పట్టుకెళ్ళి వెండి తీసేవాడు.
మేం పారబోసే నీళ్ళలో వెండి ఉండేదిరా అంటే
జోయెల్ నమ్మలేదు.
నా దగ్గరే లైటు పట్టడం నేర్చినవాడు.
ఇప్పుడు వాడి డ్రోను
సూర్యలంక ఇసుక మీద కాబోయే జంటల చుట్టూ తిరుగుతుంది.
"నువ్వూ వచ్చెయ్యన్నా, ఆల్బం డిజైన్లు చూసుకుందువు" అన్నాడు.
మర్యాదగానే.
ఆ మాటలో తప్పు వెతికాను, దొరకలేదు.
కోపం వచ్చింది అందుకే.

రోజూ ఇవే బేరాలు.
"ఫోన్లో తీసిందే, వెనక తెల్లగా చేస్తే చాలు."
ఆ 'చాలు'కి రేటెంత?
మామిడిచెట్టు చెరుపుతాను,
పక్కనున్న బావమరిది భుజం చెరుపుతాను,
టీషర్టు మీద కోటు తొడుగుతాను.
నా కంప్యూటర్లో ఉన్నది ఒకటే కోటు, నీలం రంగుది.
ఈ పేటలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాళ్ళంతా
ఆ ఒక్క కోటులోనే దూరి వెళ్ళారు.

మే నెల మిట్టమధ్యాహ్నం
మిర్చియార్డు నుంచి దీనమ్మ వచ్చింది.
ఆమెకంటే ముందు ఘాటు వచ్చింది.
వీధి తలుపు బార్లా తీశాను.
మొదటి రెండు ఫోటోలూ తుమ్ములకే పోయాయి.
పింఛను కాగితాలకంట.
"నవ్వొద్దు, కళ్ళు తెరువు" అన్నాను.
"నవ్వే సంగతి నువ్వు చెప్పబళ్ళేదులే."

ఎనిమిది కాపీలు, ఎనభై రూపాయలు.
మూడు కొంగున ముడేసుకుని
అయిదు నా వైపు నెట్టింది.
"ఇయ్యి నేనేం జేసుకోను? యాభై ఇటియ్యి."

ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ముఖం వాపసు ఇవ్వలేదు.
షీటుకి ఎనిమిది పడతాయి,
మూడు తీసినా కాయితం అంతే అవుతుంది, చెప్పబోయాను.
తొడిమలు తీసి తీసి
గోళ్ళ చుట్టూ కందిపోయిన వేళ్ళు బల్ల మీద ఉన్నాయి.
జాలి కాదు. ఆమె లెక్కే సరిగ్గా ఉంది.
వాడుకోనిదానికి ఎందుకివ్వాలి?
యాభై ఇచ్చేశాను.

అయిదుగురు దీనమ్మలు
బల్ల అద్దం కింద, కరెంటు బిల్లు పక్కన.
ఎవరీమె అని అడిగితే
పార్టనరు అనేవాణ్ణి.
ఒకసారి జోయెల్ అద్దం మీదికి వంగి
చాలాసేపు చూశాడు.
"లైటు ఎటునుంచి పెట్టావన్నా?"
ఘాటుకి తలుపు తీశానంతే అని
వాడికి చెప్పలేదు.

మళ్ళీ ఎండలు. రేటు వంద చేసి గోడకి అంటించాను.
అంటించాక వచ్చినవాళ్ళు నలుగురు,
అందులో ఇద్దరు స్కానింగు సెంటరు ఎక్కడని అడగడానికి.
ఒక రోజు తుమ్ము వచ్చింది. తలెత్తాను.
"నా అయిదూ ఉన్నయ్యా?
బ్యాంకోళ్ళు రెండడుగుతున్నారు."
"ఏడాది పాతయి, ఒప్పుకోరు. కొత్తవి తీస్తా."
"ఏడాదిలో ఏం మారానంట?"

ఎండకి ఫోటోలు అద్దానికి అంటుకుపోయాయి.
గోటితో, చిరగకుండా, రెండు లేపేసరికి
నా చొక్కా తడిసింది.
ఇరవై బల్ల మీద పెట్టింది, పాత రేటు.
గోడ మీది కాయితం చూడనే లేదు,
చూసి ఊరుకుందో.

మెట్లు దిగి, ఎండలో ఆగి, వెనక్కి తిరిగింది.
"ఇంకా మూడున్నయ్. ఎవరికీ ఇయ్యమాక."