నాలుగో పాట, రెండో చరణం

మొదటి ఆల్బమ్ తొమ్మిది రోజుల్లో అయిపోయింది,
ఆకలి మీదున్నవాడి ముందు కంచం ఖాళీ అయినట్టు.
రెండోదానికి పదకొండు నెలలు.

హల్ రేవు వెనక,
ఒకప్పుడు హెర్రింగ్ చేపలకి పొగపెట్టిన ఇటుకల కొట్టు మా స్టూడియో.
గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించాం, కిటికీలు మూసేశాం.
అయినా వానపడితే చాలు
గోడలు ఎప్పటివో చేపల్ని తలుచుకునేవి.
స్వెటర్లు, గిటారు తీగలు, టీ కప్పులు, అన్నిటికీ ఆ వాసనే.
బస్సులో మా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.

ఫిబ్రవరిలో గెథిన్ ఒక బూడిదరంగు పెట్టె తెచ్చాడు.
రొట్టె కన్నా చిన్నది.
పదహారు మీటలు, ఒక ఎర్రదీపం.
"నిమిషానికి నూటపద్దెనిమిది దెబ్బలు,
ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు" అన్నాడు
కొత్తల్లుణ్ణి మెచ్చుకుంటున్నట్టు.
అది అలిసిపోదు. టీ అడగదు.
వాళ్లమ్మకి ఒంట్లో బాలేదని మంగళవారం మానెయ్యదు.
నేను నవ్వాను. అందరూ నవ్వారు.
నా నవ్వు మాత్రం కాస్త ముందే ఆగింది,
నేను తాళం తప్పడం అదే మొదలు.

మార్చికల్లా నా డ్రమ్ముల మీద తడి కోట్లు ఆరేస్తున్నారు.
ఏప్రిల్లో పెద్ద డ్రమ్ము మీద
వెనిగర్ కారుతున్న చిప్స్ పొట్లం.
ఎవరూ పొమ్మనలేదు.
పొమ్మనలేక పొగపెట్టడం అంటారు కదా,
ఆ కొట్టులో పొగకేం కొదవ.

రోజూ వెళ్లేవాణ్ణి. చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి.
డ్రమ్మర్ చేతులు కట్టుకుంటే ఎలా ఉంటుందో
మీరెప్పుడైనా చూశారా?
మోకాళ్లు ఊరుకోవు.

నాలుగో పాట జనీన్ రాసింది.
తనకి ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న ఎక్కిన ట్రాలర్
ఐస్‌లాండ్ వైపు వెళ్లి, రేడియోలో ఒకసారి గాలి గురించి చెప్పి,
ఇంకేమీ చెప్పలేదు.
పాటలో ఏడుపు లేదు. వస్తువులే:
పొగాకు డబ్బా, చేతితొడుగులు, మడమ దగ్గర కుట్టిన మేజోడు,
ఆ వారం సగమే వచ్చిన జీతం కవరు.
"దీనికి జనం ఎగరాలి, తెల్లారేదాకా ఎగరాలి"
అన్నాడు లండన్ నుంచి వచ్చిన కంపెనీ మనిషి.

పద్నాలుగు సార్లు పాడింది.
పద్నాలుగు సార్లూ పెట్టె ఆమెని వదిలేసి ముందుకెళ్లిపోయింది.
ఎర్రదీపం ఆగదు కదా, ఎవరి నాన్న కోసమైనా.

రాత్రి రెండు దాటాక హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీద నుంచి జరిపి
"నెవిల్, ఇలా రా" అంది.
పాడే గదిలో ఇద్దరం ఇరుక్కున్నాం.
వెనక నిలబడి, వీపు మీద, భుజాల ఎముకల నడుమ
రెండు వేళ్లతో వేశాను.
మైకుకి వినపడకూడదు.
పసిబిడ్డని జోకొట్టేదానికన్నా కొంచెం గట్టిగా,
అప్పు అడగడానికొచ్చినవాడు తలుపు తట్టేదానికన్నా మెల్లిగా.
మాట రాకముందే ఆమె ఊపిరి నా వేళ్లకి తెలిసేది.
ముప్పై ఏళ్లయింది, ఇప్పటికీ
ఆ స్వెటర్ ముడతలు ఎక్కడెక్కడున్నాయో చెప్పగలను.

ఆల్బమ్ అట్ట వెనక, డ్రమ్స్ అన్నచోట
ఆ పెట్టె మోడల్ నంబరుంది.
నా పేరు కృతజ్ఞతల్లో,
కొట్టు ఓనరుకీ చిప్స్ అమ్మే షీలాకీ మధ్య.
అందులోనూ ఒక అక్షరం తప్పు.

ఎవరో పెద్దమనిషి పత్రికలో రాశాడు:
రెండో చరణంలో 'చేతితొడుగులు' అన్న మాట దగ్గర
గాయని వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తుంది,
అది యంత్రం మీద మనిషి తిరుగుబాటు అని.

తిరుగుబాటూ లేదు, పాడూ లేదు.
ఆ ఆలస్యం నాది.
ఆ మాట దగ్గర ఆమె వీపు వణికింది.
నా వేళ్లు ఆగిపోయాయి.
ఏం చెయ్యాలో తెలియక
అరచెయ్యి మొత్తం ఆనించి ఉంచాను.

టేపు తిరుగుతూనే ఉంది.
గెథిన్ అద్దం అవతల, అటు తిరిగి,
టీలో పంచదార కలుపుకుంటున్నాడు.